నా పేరున పద్నాలుగు రోజులు

కాగితాల లెక్కన నేను పద్నాలుగు రోజులు సూరత్ అడాజన్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఫైలు చూసినవాళ్ళెవరైనా ఒట్టేసి చెబుతారు. నా పేరు, నా ఫోన్ నంబరు, డిండోలిలో మా గల్లీ చిరునామా, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ పద్నాలుగు రోజుల్లో నాకు తుమ్మయినా రాలేదు. మంచం మీద ఉన్నది నా జోడీదారు. ఈ సంగతి కుదురుగా ఒకచోట కూర్చుని రాయడం నాకు చేతకావడం లేదు. నాలుగు వరుసలు రాసి లేస్తున్నాను, గదిలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ కూర్చుంటున్నాను.

జోడీదారు అంటే ఎవరో ముందు చెప్పాలి. ఉధ్నా మరమగ్గాలకు రాత్రీ పగలూ తేడా లేదు. అవే మిషన్ల మీద పన్నెండు గంటలు ఒకడు, పన్నెండు గంటలు ఇంకొకడు. ఆ ఇంకొకడే జోడీదారు. పదకొండేళ్ళు నాకు ఆయనే. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ సిరిసిల్ల అవతలి పల్లెలే, ఇద్దరి ఇళ్ళలోనూ ఆడవాళ్ళు బీడీలు చుడతారు, ఆ మాత్రానికే 'బావా' అంటే 'బావా' అని పిలుచుకునేవాళ్ళం. డిండోలిలో గది ఒకటే, మంచం ఒకటే. ఆయన పనిలో ఉంటే నేను పడుకునేవాణ్ణి, నేను పనిలో ఉంటే ఆయన. పదకొండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్నాం గానీ ఆయన గురక పెడతాడని నాకు తెలియదు, నేను నిద్రలో మాట్లాడతానని ఆయనకు తెలియదు.

మా పనిలో షిఫ్టు అప్పగింత అని ఒకటుంది. ఆ చప్పుడులో నోటి మాట వినపడదు. అందుకని పోయేవాడు వచ్చేవాణ్ణి వెంటబెట్టుకుని మిషన్ల మధ్య ఒకసారి నడుస్తాడు. ఏ మిషన్ సతాయిస్తోందో దాని మీద చెయ్యి వేస్తాడు. పోగు తెగుతుంటే రెండు వేళ్ళు విడదీసి చూపిస్తాడు. మిషన్ రోగం దాచిపెట్టి ఇంటికి పోయినవాణ్ణి మాలో ఎవరూ మనిషిగా చూడరు. ఆయన ఒక్కనాడూ దాచలేదు.

బద్లీ అని ఇంకొకటుంది. ఒంట్లో బాగా లేకనో ఊరికి పోవాల్సి వచ్చో నువ్వు రాలేకపోతే, నీ మిషన్ల మీద నీ పేరున ఇంకొకణ్ణి నిలబెట్టి పోతావు. మగ్గం ఆగకపోతే చాలు, సేఠ్‌కు మనిషి ఎవడైతే ఏమిటి? హాజరు పుస్తకంలో నీ పేరే పడుతుంది. ఇది మోసమని మాకెన్నడూ తోచలేదు. తోచి ఉంటే నేనీ రాత రాయాల్సిన పనే ఉండేది కాదు.

లాక్‌డౌన్ పెట్టిన ఆ వేసవి మొదట్లో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఇంట్లోనే ఉండండి అని టీవీలో చేతులు జోడించి చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇల్లున్నవాళ్ళకు చెప్పవయ్యా ఆ మాట! మా గది ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది. మొదటి రోజు ఇద్దరం మంచం వైపు చూశాం, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నువ్వు పండుకో అంటే నువ్వు పండుకో అనుకుని, చివరకు ఇద్దరం నేల మీదే పడుకున్నాం. మంచం రెండు రోజులు ఖాళీగా ఉంది.

పన్నెండు గంటలు మిషన్ల మధ్య నడిచిన కాళ్ళు నావి. ఒక్కచోట ఉండమంటే ఉండవు. కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగేవాణ్ణి. ఆయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు గానీ ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. దుప్పటి అంచులో దారాలు లాగి, తెంపి, మళ్ళీ ముడి వేసేవాడు, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టే. మూడు వారాలయ్యేసరికి ఆ అంచంతా ముడులే.

"ఏంది బావా గట్ల తిరుగుతవ్? నాకు కండ్లు తిరుగుతున్నయ్," అనేవాడు.

"కాళ్ళు ఆగుతలేవు."

"ఆగకుంటె గల్లీ మొగదల దాకా పో. పోలీసోడు మంచిగ ఆపుతడు."

గల్లీ చివర కర్రలు కట్టేశారు. అక్కడి నుంచి రోడ్డు కనపడేది, రోడ్డు మీద ఎవరూ కనపడేవారు కాదు. నాకు జబ్బంటే భయం లేదని చెప్పను. కానీ ఆ గదిలో ఇంకో వారం ఉంటే పిచ్చెక్కుతుందన్న భయం దానికంటే పెద్దదిగా ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక సూపర్‌వైజర్ మా గల్లీకి వచ్చాడు. గుజరాతీ మనిషి, ముప్పై దాటి ఉండవు. నది అవతల అడాజన్‌లో ఆసుపత్రి లాండ్రీ చూసుకునేవాడు. దుప్పట్లు, గౌన్లు ఉతికేవాళ్ళంతా భయపడి ఊళ్ళకు పోయారట, మనుషులు కావాలన్నాడు. మేమిద్దరం ఎగిరి ముందుకొచ్చాం. నాకు వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు, బీపీ చూశారు, ఏ జబ్బూ లేదని ఫారం మీద రాసుకున్నారు. ఆయన ఆధార్ చూడగానే సూది కూడా తీయకుండా పక్కకు జరగమన్నాడు సూపర్‌వైజర్.

"చాచా, పచాస్ కే ఊపర్ నహీ లేతే."

యాభై దాటినవాళ్ళను తీసుకోరట. "నా చేతులకు ఏమన్న వయసున్నదా?" అని ఆయన తెలుగులోనే కోపానికొచ్చాడు. మీ మంచికే ఈ రూలు, అన్నాడు సూపర్‌వైజర్ హిందీలో. మా మంచికే అని చెప్పి మాకు మంచి చేసినవాణ్ణి అంతవరకు మేం చూసి ఎరగం. కాబట్టి ఇద్దరమూ నమ్మలేదు.

రెండు రోజులకు నా పాసు వచ్చింది. పసుపు రంగు అట్ట, మెడలో వేసుకోవడానికి తాడు. గుండ్రటి ముద్ర తీసుకుపోయి సరిగ్గా నా ఫొటో మీదే గుద్దారు. ముక్కు కిందంతా ముద్రే, కళ్ళు మాత్రం మిగిలాయి. వెనక గుజరాతీలో నాలుగు వరుసలున్నాయి. నాకు గుజరాతీ మాటలు వచ్చు, రాత రాదు. ఆయన ముప్పై ఏళ్ళుగా బోర్డులు చదివీ చదివీ నేర్చుకున్నాడు. వెలుతురులోకి పట్టుకుని చదివి పెట్టాడు.

"పోలీసులు ఆపద్దట. ఇంటి ఓనరు గది ఖాళీ చేయించద్దట. పనిల బీమారి అంటుకుంటె దవాఖానోళ్ళే సూసుకోవాలెనట, తర్వాత పరీక్షలు సుత వాళ్ళయేనట." అక్కడ ఆగి నవ్వాడు. "ఆఖర్ల ఇంకోటున్నది. ఇది ఇంకొకలకు ఇయ్యద్దట."

"ఎవలడిగిన్రు?" అని నేనూ నవ్వాను.

పాసు పుణ్యమా అని ఓనరు నోరు మూతపడింది. అయితే నేను మెట్లు దిగినప్పుడల్లా నా వెనకే ఫినాయిల్ నీళ్ళు చల్లుకుంటూ వచ్చేవాడు. చల్లుకోనీ అనుకున్నాను. నాకు రోడ్డు దొరికింది. ఆయన సైకిల్ తీసుకుని, ఉధ్నా మీదుగా, ఒక్క బస్సూ లేని బస్సు దారిలో, తాపీ నది వంతెన ఎక్కి అటు దిగేవాణ్ణి. సైకిల్ వెనక సీటుకు ఆయన ఎప్పుడో కట్టిన ఎర్ర చీర అంచు ముక్క గాలికి కొట్టుకునేది. ఊరంతా చావు భయంతో తలుపులు వేసుకుని ఉంటే నేను ఈల వేసుకుంటూ తొక్కాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, కానీ అబద్ధం రాసి ఏం లాభం? ఆ నెలలో నా అంత సంతోషంగా సూరత్‌లో ఎవరూ లేరేమో.

లాండ్రీలో తల నుంచి కాలి దాకా గౌను, టోపీ, మాస్కు, పైన అద్దాలు. ఎవరు ఎవరో పేరు పెట్టి పిలిస్తే తప్ప తెలియదు. మరిగే నీళ్ళలో దుప్పట్లు తిప్పాలి, పిండాలి, ఆరబెట్టే మిషన్‌లో వేయాలి. పనిలో చేరిన పదో రోజునో ఏమో, గొట్టం జారి మరిగే నీళ్ళు నా కుడి చేతి మీద పడ్డాయి. అరచెయ్యంతా బొబ్బలు. చెప్పకుండా మూడు రోజులు మానేస్తే పాసు వాపసు తీసుకుంటారని మొదట్లోనే చెప్పారు. చెప్పి మానేయొచ్చు గదా అని మీరనొచ్చు. చెయ్యి కాలిందని చెబితే ఇంకొకణ్ణి తీసుకుంటారని నా భయం. మళ్ళీ ఆ నాలుగు గోడల్లోకి పోవడమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది.

"గింత దానికి పరేషానెందుకు? బద్లీ నేను పోత," అన్నాడాయన.

మాకు అంతకంటే సహజమైన మాట ఇంకొకటి లేదు. ఇద్దరం ఒకే ఎత్తు, ఇద్దరం ఒకే బక్కతనం. ఫొటోలో ముద్ర ఎక్కడుందో బయట మాస్కు అక్కడే ఉంటుంది. నేనే ఆయన మెడలో పాసు వేశాను. ఏ పని ఎట్లా చేయాలో, ఏ గొట్టం జారుతుందో, షిఫ్టు అప్పగించినట్టు అన్నీ అప్పగించాను.

సాయంత్రం తిరిగొచ్చిన మనిషిని చూస్తే పదేళ్ళు తగ్గాయి. "నది సూసిన బావా," అన్నాడు. "ముప్పై ఏండ్లాయె ఈ ఊళ్ళె ఉండవట్టి. పొద్దటి పూట నది ఎట్లుంటదో ఇయ్యాల సూసిన." ఇంకా ఏదో చెబుతూనే స్నానానికి పోయాడు, స్నానం చేస్తూ కూడా చెబుతూనే ఉన్నాడు.

నా చెయ్యి నాలుగు రోజుల్లో మానింది. అప్పుడు ఆపాల్సింది. ఆపలేదు. ఒక రోజు నేను, ఒక రోజు ఆయన, పాత జోడీ లెక్కనే పాసును నడిపించాం. ఆయన పోయిన రోజు నేను గదిలో గోడలు లెక్కపెడుతూ కుళ్ళుకునేవాణ్ణి. నా వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణే గానీ, యాభై దాటిన మనిషిని ఆ దుప్పట్ల మధ్యకు పంపుతున్నానని ఒక్క క్షణం అనుకోలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మమ్మల్ని ఎవరూ చూడడం లేదనే అనుకున్నాం.

ఆయన కొంచెం దగ్గుతున్నాడు. మగ్గాల దగ్గర పనిచేసే వాళ్ళం అందరమూ దగ్గుతాం. దూది దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతుంది, అదొక లెక్కా? మగ్గాలు ఆగి నెల దాటిందని, దుమ్ము ఎక్కడిదని నా బుర్రకు తట్టలేదు. ఆయనకు తట్టే ఉంటుంది. కానీ చెబితే తర్వాతి వంతు పోతుంది గదా.

ఒకరోజు పొద్దున ఆయన పోయిన రెండు గంటలకు ఫోన్ చేశాడు. గొంతు లోతు నుంచి వస్తున్నట్టుంది.

"బావా, గేటు కాడ నుదురు మీద మిషన్ వెట్టిన్రు. జొరమున్నదన్నరు. వేలికి ఏదో తగిలిచ్చి ఊపిరి తక్కువున్నదని సీద వార్డుల ఏసిన్రు."

ఆయన మెడలోని పాసు గుర్తొచ్చింది. "ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదనే. పాస్ నీదే గదా. ముప్పై ఆరేండ్లట నాకు," అని నవ్వబోయి దగ్గాడు. "ఎవలకు జెప్పకు. చెప్తె మంచం మీదికెల్లి లేపుతరు. ఇద్దర్ని పోలీసోళ్ళు కొంటవోతరు. నేను మంచిగనే ఉన్న."

ఫోన్ పెట్టేశాక గదిలో ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. చెప్పకపోతే మంచం ఉంటుంది. పాసు వెనక రాసిన ఆ వరుస, పనిలో జబ్బు అంటుకుంటే ఆసుపత్రే చూసుకోవాలన్నది, ఆయనను కాపాడుతోంది. నా పేరు ఉన్నంతవరకే కాపాడుతుంది. సరే, నోరు మూసుకుందాం అనుకుని మంచం మీద కూలబడ్డాను. తలగడ పక్కన డబ్బా తగిలింది. ఆయన షుగర్ మాత్రల డబ్బా.

ఆయనకు ఆరేళ్ళుగా షుగర్. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునేవాడు. డబ్బా ఇక్కడుంది, మనిషి అక్కడున్నాడు. నా ఫారం మీద షుగర్ లేదని రాసి ఉంది. డాక్టర్లు ముప్పై ఆరేళ్ళ, ఏ జబ్బూ లేని మనిషికి వైద్యం చేస్తున్నారు. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదిసార్లు చేశాను. పదకొండేళ్ళలో ఒక్క మిషన్ రోగం దాచని మనిషి, నా పేరు పట్టుబడకుండా ఉండాలని తన రోగం దాచుకుని పడుకున్నాడు.

డబ్బా జేబులో వేసుకుని బయల్దేరాను. సైకిల్ ఆయన దగ్గరుంది, పాసు ఆయన మెడలో ఉంది. నాకు మిగిలినవి కాళ్ళే. మిట్టమధ్యాహ్నం ఎండలో, పోలీసులు లేని సందులు వెతుక్కుంటూ నడిచాను. సందులన్నీ వంతెన దగ్గర అయిపోతాయి. నది దాటడానికి వేరే దారి లేదు.

వంతెన మొదట్లో రోజూ ఉండే కానిస్టేబులే ఉన్నాడు. లాఠీ అడ్డం పెట్టి పాసు అడిగాడు. పాసు ఆసుపత్రిలో ఉందన్నాను. ఆసుపత్రిలో ఎందుకుందన్నాడు. ఎవరు చేరారన్నాడు. నేనే చేరానన్నాను. నా నోట ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. అతను లాఠీ ఎత్తాడు. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు.

"లాల్ పట్టీ వాలీ సైకిల్?" అని అడిగాడు. ఎర్ర అంచు కట్టిన సైకిల్ మీదేనా అని. తలూపాను.

"సైకిల్ ఏక్, ఆద్మీ దో," అన్నాడు. సైకిల్ ఒకటే, మనుషులిద్దరు. మొదటి రోజు నుంచీ అతనికి తెలుసట. ఒకడు వంతెన ఎక్కేటప్పుడు ఈల వేస్తాడు, ఇంకొకడు మధ్యలో సైకిల్ ఆపి నది చూస్తాడు, నేనేమన్నా గుడ్డివాణ్ణా అన్నాడు. పొట్టకూటికి తిరుగుతున్నారులే అని వదిలేశాడట. తిలా పాపం తలా పిడికెడు అంటే ఇదే కాబోలు. నేను డబ్బా తీసి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. అతను లాఠీ దించాడు. పరిగెత్తు అన్నాడు.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర సూపర్‌వైజర్‌ను పిలిపించాను. మాస్కు లేకుండా నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. చెప్పుకుంటూ పోతుంటే అతని ముఖంలో రక్తం లేకుండా పోయింది. ఆ రూలు ఎందుకు పెట్టామనుకున్నావ్, అని అరిచాడు. యాభై దాటితే, షుగర్ ఉంటే ఈ జబ్బు ఊరికే వదలదని, అందుకే చాచాను తీసుకోలేదని, ఆయనను కాపాడదామనుకున్నది నేను, తీసుకొచ్చి లోపల పడేసింది నువ్వు, అన్నాడు. మా మంచికే అన్న మాట నిజంగా మా మంచికే అయిందని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

కాస్త చల్లబడ్డాక అతను గొంతు తగ్గించాడు. ఇప్పుడు పేరు మారిస్తే ఆయన మా మనిషి కాడు, దొంగ పాసు మీద వచ్చిన బయటి మనిషి అవుతాడు, ఈ రద్దీలో ఎక్కడికి పంపుతారో నా చేతుల్లో లేదు, అన్నాడు. నువ్వే ఆలోచించుకో అని చెప్పి నర్సును పిలవడానికి పోయాడు.

ఆమె తలుపు సందులో నిలబడి మాట్లాడింది. షుగర్ చాలా పైకి పోయిందని, ఫారంలో లేదని రాసి ఉంటే మిషన్ తప్పు చూపిస్తోందేమోనని రెండుసార్లు చూశామని చెప్పింది. నేను డబ్బా ఆమె చేతిలో పెట్టాను. ఆరేళ్ళుగా ఉందని, పొద్దునా సాయంత్రం మాత్ర అని, ఫారంలో తప్పు రాశారని, వయసు కూడా ముప్పై ఆరు కాదు, యాభై ఒకటని, ఆధార్‌లోనే తప్పు పడిందని వరుసగా అప్పగించాను. ఏ మిషన్ మీద ఏ పోగు తెగుతోందో అంతా చెప్పాను. మిషన్ ఎవరిదో మాత్రం చెప్పలేదు.

"మీరు ఆయనకు ఏమవుతారు?" అని అడిగింది.

"బావ," అన్నాను.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో రాయమంటే రాయలేను. జబ్బు భయంతో ఓనరు గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టాడు, నేను లోపల తిరిగాను. నాకూ గొంతులోంచి నమూనా తీసి పరీక్ష చేశారు, జబ్బు లేదన్నారు. ఆయన భార్య ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు, బావ డ్యూటీలో ఉన్నాడని అబద్ధం చెప్పాను. నాలుగోసారికి ఆమె, "గట్ల రాత్రి పగలు ఏం డ్యూటీ అన్నా?" అంది. నేను సిగ్నల్ లేదన్నట్టు ఫోన్ పెట్టేశాను.

పద్నాలుగో రోజు ఆయన వచ్చాడు. సగం మనిషి. మెట్లు ఎక్కడానికి మూడుసార్లు కూర్చున్నాడు. చేతిలో నా పేరు రాసిన ఫైలు ఉంది. గేటు దగ్గర నర్సులంతా నిలబడి చప్పట్లు కొట్టారట, నా పేరు పెట్టి జిందాబాద్ అన్నారట.

"నేను ఎన్కకు తిరిగి సూసిన బావా. నువ్వు అచ్చినవేమో అని," అన్నాడు.

కొద్దికొద్దిగా మిగతావీ చెప్పాడు. మొదట్లో సిస్టర్ నా పేరు పెట్టి పిలిస్తే నాలుగైదుసార్లు పలకలేదట, చెవుడు కూడా ఉందని రాసుకున్నారట. "ఒకనాడు ఊపిరి అందలే. సత్త అనుకున్న. సత్తె నీ పెండ్లాం ఏడుస్తదా నా పెండ్లాం ఏడుస్తదా అని గదే ఫికర్. బీమారి కంటె గదే ఎక్కువ బాధ వెట్టింది." ఈ మాట నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

సూపర్‌వైజర్ నా పాసు వెనక్కి తీసుకున్నాడు. కేసు పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ నా ముఖం చూపించొద్దన్నాడు. రైళ్ళు వదిలాక ఆయన ఊరికి పోయాడు. చలికాలంలో తిరిగొచ్చి మగ్గం దగ్గర నిలబడ్డాడు. నాలుగో గంటకే కింద కూర్చున్నాడు, ఆయాసం. మూడు రోజులు చూసి సేఠ్ వద్దన్నాడు. వెళ్ళిపోయేముందు నన్ను మిషన్ల మధ్య నడిపించి, ఒక్కొక్కదాని మీద చెయ్యి వేసి పోయాడు. ఆయన జాగాలోకి కొత్త జోడీదారు వచ్చాడు. మంచివాడే. నేనతన్ని ఇప్పటికీ బావా అనలేదు.

ఊళ్ళో ఆయనను ఏ డాక్టర్‌కు చూపించినా, ఆ జబ్బు వచ్చినట్టు కాగితాలున్నాయా అని అడుగుతారు. ఉన్నాయి, నా పేరు మీద. ఇట్లా ఏడాది దాటాక ఒకరోజు నా ఫోన్ మోగింది. అడాజన్ ఆసుపత్రి నుంచి. జబ్బు చేసిన మా పాత పనివాళ్ళందరికీ ఊపిరితిత్తుల పరీక్ష చేస్తున్నాం, తర్వాత మందులు కూడా మావే, ఫలానా రోజు రండి, అని ఒక అమ్మాయి నా పేరు పెట్టి మర్యాదగా చెప్పింది. పాసు వెనక రాసిన వరుస మాట తప్పలేదు. దారి తప్పి నా దగ్గరికొచ్చింది, అంతే.

నేను వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. నా బుర్ర మారలేదు, మగ్గం బుర్రే.

"బావా, రైలెక్కి రా. ఫైల్ల షుగర్ ఉన్నది, వయసు దిద్దిన్రు. అది నీకే సరిపోతది. పేరొక్కటే నాది. ఒక్కపారి నేనయి పో."

అవతల ఆయాసం వినపడింది.

"అద్దు బావా," అన్నాడు. "పద్నాలుగు దినాలు నువ్వయి పండుకున్న. నా పేరు వట్టి ఒక్కలు పిలువలే. ఇంక నాతోని గాదు. ఉంటె ఉంట, పోతె పోత, నా పేరు మీదనే."

చెప్పిన రోజున నేనే పోయాను. వంతెన మీద ఆగి నది చూశాను, ఆయన ఆగే చోట. లోపల బల్ల వెనక ఫోన్ చేసిన అమ్మాయే ఉన్నట్టుంది, అదే గొంతు. నా ఫైలు తీసి పెట్టుకుంది. పక్క గదిలో ఎక్స్‌రే తీస్తారు, చొక్కా విప్పండి అని చెప్పింది. నేను ఒక గుండీ విప్పి ఆగాను. లోపలికి పోతే నా ఛాతీ మచ్చ లేకుండా, శుభ్రంగా వస్తుంది. పూర్తిగా కోలుకున్నాడని రాసి ఫైలు కట్టేస్తారు. ఆ రాతతో ఆయన ఆయాసానికి ఈ లోకంలో సాక్ష్యమే లేకుండా పోతుంది.

గుండీ మళ్ళీ పెట్టుకున్నాను. కూర్చోమంది, కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. ఆ ఫైలులో పేరు తప్పని, ఆ పద్నాలుగు రోజులూ మంచం మీద ఉన్నది నేను కాదని, నా పాసు నేనే తీసి ఆయన మెడలో వేశానని, దానికి ఏం చేసినా నన్నే చేయమని. ఆ అమ్మాయికి సగం అర్థమైంది, సగం కాలేదు. లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చింది. ముందు ఒక తెల్ల కాగితం తీసింది, పెన్ను మూత విప్పింది.

మరి అక్కడున్నది ఎవరు, పేరు చెప్పండి, అంది.

చెప్పాను. ఈ రాతలో ఎవరి పేర్లూ రాయకూడదని నేను పెట్టుకున్న నియమం, అందుకని ఇక్కడ రాయడం లేదు. ఆ రోజు మాత్రం ఆ హాలులో కూర్చున్నవాళ్ళందరూ తలెత్తి చూసేంత గట్టిగా, మగ్గాల చప్పుడులో పిలిచినట్టు చెప్పాను. ఆమె రాయబోయి ఆగి, ఇంకొకసారి చెప్పమంది.

ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పాను.